గేటు దాటి వచ్చిన పెట్టెలో ఏమున్నది?

టెండరు సక్రమంగా పిలిచాము, ఎల్-1 సంస్థకే ఆర్డరు ఇచ్చాము, ఇన్‌స్పెక్షను రిపోర్టుపై సంతకాలూ పడ్డాయి. ఇక భయమేమిటన్న అభిప్రాయం మన కార్యాలయాలలో సాధారణం. తూకము, కొలత, వోల్టేజి సరిపోయినంత మాత్రాన పరికరం నమ్మదగినదని చెప్పలేమని మా మనవి. నేటి సబ్‌స్టేషనులోని రిలే కేవలం ఇనుము, రాగి కాదు. అందులో కంప్యూటరు ప్రోగ్రాము ఉన్నది. దానిని ఎవరు వ్రాశారో, మార్పులు ఎవరు పంపుతారో ఆర్డరు కాగితం చెప్పదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ ఉదంతం అటువంటిదే. ఆ అమెరికా సంస్థ తయారుచేసే నెట్‌వర్కు పర్యవేక్షణ సాఫ్ట్‌వేరులోనే చొరబాటుదారులు తమ ప్రోగ్రామును చేర్చారు. సంస్థ తన ముద్రతో పంపిన ఆ అప్‌డేటు దాదాపు 18,000 ఖాతాదారు సంస్థల వరకు చేరింది. ఎవరి తలుపునూ ఎవరూ బద్దలు కొట్టలేదు. నమ్మి తెరిచినవారు ఖాతాదారులే.

మన దేశంలో ఈ ప్రమాదంపై ఆలోచన అంతకు ముందే మొదలైనది. దిగుమతి చేసుకొనే విద్యుత్ పరికరాలలో హానికర ప్రోగ్రాములు దాగి ఉన్నవేమో పరీక్షించాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2020 జూలై 2న ఆదేశించింది. విశ్వసనీయ వనరుల నుండే కొనుగోలు చేయాలన్న నియమం 2021 జూన్ 15 నుండి టెలికాం రంగంలో అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విద్యుత్ రంగానికి సైబరు భద్రతా మార్గదర్శకాలను వెలువరించింది.

అయితే ప్రతి వస్తువునూ ఒకే విధంగా అనుమానిస్తే పని సాగదు. కనుక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది పాడైతే ఏది ఆగిపోతుంది? బయటినుండి దీనిని ఎవరు తాకగలరు? దీని విడిభాగాలు, ప్రోగ్రాములు ఎక్కడివి? కుర్చీకి, రిలేకు సమాధానాలు వేరు. ఆసుపత్రికి దీపమిచ్చే ఫీడరును కాపాడే రిలేపైనే మొదట దృష్టి నిలపాలి.

ముప్పును తగ్గించే ఉపాయాలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సాఫ్ట్‌వేరులోని భాగాల జాబితాను అమ్మకందారు నుండి టెండరు షరతుగానే కోరవచ్చు. అప్‌డేటును ముందుగా విడి యంత్రంపై పరీక్షించాలి. అమ్మకందారు దూరం నుండి ప్రవేశించే మార్గాన్ని పని ఉన్నంతసేపే తెరచి, పిమ్మట మూసివేయాలి. కాంట్రాక్టరు పెన్‌డ్రైవును తనిఖీ లేకుండా కంట్రోలు రూములోకి అనుమతించరాదు. ఒకే సరఫరాదారుపై ఆధారపడక రెండవవానిని సిద్ధంగా ఉంచుకోవాలి.

వీటన్నిటికీ ప్రాణం మనిషి శ్రద్ధ. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలో లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమగుటను గమనించి కారణం వెదికారు. లినక్స్ యంత్రాలలో వాడే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో ఎవరో రహస్యద్వారం అమర్చినట్లు తేలింది. అది విస్తృతంగా వ్యాపించకముందే పట్టుబడింది.

మన ఇళ్ళకూ ఇదే సూత్రం. 2025 ఏప్రిల్ నుండి సిసిటివి కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయినవి. కెమెరా గాని, వైఫై రౌటరు గాని కొన్న రోజుననే ఫ్యాక్టరీ పాస్‌వర్డును మార్చవలసినదిగా గృహిణులను, విద్యార్థులను కోరుతున్నాము. కార్యాలయంలో ఏ పరికరమైనా అకారణంగా మందగిస్తే, "పాతబడింది లెమ్మ"ని ఊరుకొనక లాగుపుస్తకంలో వ్రాసి పైవారికి తెలుపుదాము. ఆ ఒక్క పంక్తి ఒక పట్టణాన్ని చీకటి నుండి కాపాడవచ్చును.