పొద్దు ఎన్నింటికి గుంకింది?

"మేడం, ఇక్కడ పొద్దు గుంకదా?"

జైసల్మేర్ జిల్లాలోని మా నవోదయకు కోనసీమ నుంచి మైగ్రేషన్ మీద వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. జూలై నెల. సాయంత్రం ఏడు దాటింది, మైదానంలో ఇంకా ఎండ ఉంది. ఊరూరా బదిలీ అవుతూ వచ్చిన నాకు ఇలాంటివి అలవాటైపోయాయి. "ఇక్కడ అంతే, లైన్లో నిలబడు" అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చెప్పిన చెడ్డ జవాబుల్లో దానిదే మొదటి స్థానం.

ఆ పిల్ల ఊరుకోలేదు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, ఇవాళ పొద్దు ఎన్నింటికి గుంకింది?" అని అడిగి, రఫ్ నోటు వెనక పేజీలో రెండు వరసలుగా రాసుకుంది. ఇక్కడ 7:45, అక్కడ 6:40. తేడా 65 నిమిషాలు. హిందీ ఇంకా సరిగ్గా రాదు కాబట్టి సైన్స్ పీరియడ్‌లో నోరు విప్పలేదు. తెలుగు పీరియడ్‌లో నాకు చూపించింది. మన భాషలో పొద్దంటే సూర్యుడు, పొద్దంటే కాలం కూడా. ఆ పేజీలో రెండూ ఉన్నాయి.

మర్నాడు నాకు ఏడో తరగతిలో అరేంజ్‌మెంట్ పీరియడ్ పడింది. ఆ అమ్మాయినీ, ఆ నోటునూ వెంటబెట్టుకుని వెళ్లాను. ఏడో తరగతి వాళ్లంతా ఈ జిల్లా పిల్లలే. సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. భూమి తిరుగుతుందని మాత్రం అందరికీ తెలుసు, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నారు. అయినా ఈ అంకెలు చూడగానే ఒకడు లేచి, "దీదీ వాళ్ల ఊళ్లో కొబ్బరిచెట్లు ఎక్కువ కదా, అవి అడ్డమొచ్చి ముందే చీకటి పడుతుందేమో" అన్నాడు.

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే అది పరీక్షించదగ్గ మాట. చెట్లే కారణమైతే అక్కడ తెల్లవారడం కూడా ఆలస్యం కావాలి. వచ్చే ఆదివారం అడిగి చూశారు. అక్కడ 5:35కే సూర్యుడు వచ్చేశాడు, ఇక్కడ ఆరు కావచ్చింది. కొబ్బరిచెట్టు నిర్దోషి అని తేలింది. ఆ కుర్రాడికి కోపం రాలేదు సరికదా, గ్లోబు తెచ్చింది వాడే. అమలాపురం దాదాపు 82 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, మేము 71 మీద. పదకొండు డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే 44 నిమిషాలు. దేశమంతటికీ గడియారం మాత్రం ఒక్కటే, 82½ డిగ్రీల రేఖాంశానిది. కోనసీమ గడియారం ఇంచుమించు సూర్యుడితోనే నడుస్తుంది, మా గడియారమే ముందు పరుగెడుతుంది.

కానీ తేడా 65 నిమిషాలు కదా, మిగతా 21 ఎక్కడివి? ఇక్కడ నాకూ జవాబు రాలేదు. తెలుగు టీచరుని, చెప్పడానికి సిగ్గుపడలేదు. సైన్స్ సార్ కూడా చెప్పేయకుండా "డిసెంబరు దాకా రాస్తూ ఉండండి" అన్నారు. ఆయనకు ఇప్పటికీ నమస్కారం పెడతాను.

డిసెంబరు మధ్యకు లెక్క మారిపోయింది. ఇక్కడ 5:55, అక్కడ 5:30. తేడా 25కి పడిపోయింది. రేఖాంశాలు కదలవు కదా, మరి కదిలిందేమిటి? టార్చి లైటు పట్టుకుని, గ్లోబును వాలుగా పెట్టి తిప్పితే కనిపించింది. మేము ఉత్తరాన 27 డిగ్రీల దగ్గర, వాళ్లు 16½ దగ్గర. వేసవిలో ఉత్తరాన పగలు ఎక్కువ కాబట్టి తేడా పెరుగుతుంది, చలికాలంలో మా పగలు కురచ కాబట్టి తగ్గుతుంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "65కి 25 కలిపి సగం చేస్తే 45 మేడం" అంది. గ్లోబు చెప్పిన 44కి ఒక్క నిమిషమే తేడా. ఆ క్షణంలో ఆ గదిలో ఉండటానికైతే ఇంకో మూడు బదిలీలైనా ఒప్పుకుంటాను.

ప్రపంచాన్ని చూపిస్తూ సైన్స్ చెప్పాలని శిక్షణల్లో వింటుంటాం. వెంటనే స్మార్ట్ బోర్డు మీద అగ్నిపర్వతం వీడియో పెడతాం. పిల్లలు "అబ్బా" అంటారు, గంట కొట్టగానే మరిచిపోతారు. అది వద్దనను. కానీ మా మెస్ లైన్లోనే ఇంకో అక్షాంశం నుంచి వచ్చిన పిల్ల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటే, ఆమెను "హిందీ రాని పిల్ల" అని మాత్రమే చూడటం నష్టం. తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాది పాటు మరో భాష ప్రాంతానికి పంపే ఏర్పాటును మనం జాతీయ సమైక్యత ఖాతాలోనే వేస్తాం. ఆరు, ఏడు తరగతుల సైన్స్ ఖాతాలోనూ వేయాలని నా మాట. వచ్చిన పిల్లలు మొదటి నెలలో తమకు వింతగా అనిపించినవి తమ భాషలోనే రాయాలి. దాన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి చిన్న తరగతులకు అందించే పని నాలాంటి భాషా టీచర్లది. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడిగేవారికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నెలకు ఒక్క పీరియడ్ చాలు అంటాను.

ఆ అమ్మాయి ఏడాది పూర్తి చేసుకుని కోనసీమ వెళ్లిపోయింది. సెప్టెంబరు 23న మధ్యాహ్నం ఒక మీటరు కర్ర పాతి, రెండు చోట్లా అతి కురచ నీడ కొలవాలని ఒప్పందం. ఇక్కడ 51 సెంటీమీటర్లు, అక్కడ 30 రావాలని ఏడో తరగతి లెక్క. అర్ధ సంవత్సర పరీక్షల రోజుల్లో పడుతుంది. పేపరు ఇచ్చేసి వచ్చి కొలుస్తామని పిల్లలు ఇప్పుడే అనుమతి అడిగారు.