ఊరికే ఓ రోజు రైల్లో

మనం రైలెక్కామంటే పెళ్లో, పురుడో, ఆస్పత్రి పనో ఉండాలి. ఏ పనీ లేకుండా ఊరికే రైలెక్కిన ఇల్లాలిని ఎక్కడైనా చూశారా? ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు పొద్దస్తమానం లోకల్ బళ్లు మారుతూ తిరగడమే పండగ చేసుకుంటారు. ఆ సరదా దామరచర్ల ఇల్లాలికి మాత్రం ఎందుకు ఉండకూడదు?

మిర్యాలగూడలో గుంటూరు వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కండి. బీబీనగర్ నుంచి నడికుడికి ఈ లైను 1989లో పూర్తయింది. దామరచర్ల మండలంలోని విష్ణుపురం దాటాక కృష్ణమ్మ మీద వంతెన వస్తుంది. వాడపల్లి దగ్గర మన మూసీ కలిసేది ఈ కృష్ణలోనే. చిల్లర పైసలు చేతిలో ఉంచుకోండి, దణ్ణం పెట్టుకోండి. అవతలి ఒడ్డు పల్నాడు. నడికుడిలో మాచర్ల లైను విడిపోతుంది. ఆ తర్వాత పిడుగురాళ్ల. పండక్కి మనం గోడలకు కొట్టించే సున్నం కాల్చే బట్టీలకు పేరుపడ్డ ఊరది. అక్కడ దిగి వెనక్కి వచ్చేయొచ్చు.

తిరుగు బండి వేళ ముందురోజే స్టేషన్లో కనుక్కోండి. పులిహోర ఎలాగూ ఉంటుంది. దద్దోజనానికి పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు.

మరి ఇంట్లో వంటో అంటారా? ఆయన చేస్తారు. రాకపోతే ఆ రోజే నేర్చుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి. అన్నట్టు, కిటికీ పక్క సీటు ఆ ఒక్కరోజైనా పిల్లలకు ఇచ్చేయకండేం!