నెలనెలా మాసిక

"మాస్టారూ, మా ఇంట్లో కంప్యూటరు ఎప్పుడు చూసినా అప్‌డేట్ కావాలంటుంది. దాన్ని తయారుచేసినవాళ్లు మొదటే సరిగా చేయలేరా?" అని ఎనిమిదో తరగతి చదివే పాఠకుడొకడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. కుర్చీ కొన్నాక నెలనెలా వడ్రంగి వచ్చి మేకులు కొట్టిపోడు గదా!

పిల్లలూ, కంప్యూటరులోని మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీరు నొక్కిన అక్షరాన్ని తెరమీదికి తెచ్చేదీ, దాచిన ఫైలును అడిగినప్పుడు తీసి ఇచ్చేదీ అదే. విండోస్ అటువంటిది. అది ఎంత పెద్దదనుకున్నారు? 2017లో మైక్రోసాఫ్ట్ కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం దాని తయారీకి సంబంధించిన ఫైళ్లు సుమారు 35 లక్షలు. వాటిమీద పనిచేసే ఇంజనీర్లు దాదాపు 4,000 మంది. మీరు రాసే ఒక్క పేజీ వ్యాసంలోనే ఎర్రసిరా గీతలు నాలుగైదు పడతాయి. ఇంత రాతలో తప్పులు దొర్లకుండా ఉంటాయా?

ఆ తప్పుల్లో చాలావాటివల్ల ప్రమాదం లేదు. కొన్ని మాత్రం గోడలో కన్నం వంటివి; బయటివాడు వాటిగుండా లోపలికి రావచ్చు. అటువంటిది కనిపించగానే కంపెనీ దాన్ని పూడ్చే చిన్న ప్రోగ్రామును తయారుచేస్తుంది. దాన్ని ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. అంటే మాసిక, చిరిగిన చొక్కాకు అమ్మ వేస్తుందే, అది. సంస్కృతంలో మాసికమంటే నెలకొకసారి వచ్చేది. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి నెలనెలా రెండో మంగళవారం వీటిని విడుదల చేస్తున్నది కనుక, మన మాట రెండు విధాలా సరిపోయింది! మరీ ప్రమాదకరమైన కన్నమైతే మంగళవారం దాకా ఆగరు. ఆపిల్ వారు ఇలా తిథి పెట్టుకోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోను తయారుచేసిన కంపెనీని బట్టి తేడా ఉంటుంది.

ఇక, చాలామంది పెద్దలకు కూడా తెలియని సంగతి ఒకటున్నది. మాసిక విడుదలైన రోజు నుంచి, దాన్ని వేసుకోనివారికి ప్రమాదం పెరుగుతుంది. అదెలాగంటారా? ఒకే మేస్త్రీ ఒకే పద్ధతిలో వంద ఇళ్లు కట్టాడనుకోండి. అన్నిటికీ వెనక గోడలో ఒకేచోట ఇటుకలు వదులు. "అక్కడ సిమెంటు పెట్టించుకోండి" అని అతను ఊళ్లో చాటింపు వేయించాడు. ఆ చాటింపు దొంగ కూడా వింటాడు! సిమెంటు పెట్టించుకోని ఇల్లేదో వెతుక్కోవడమే ఇక వాడి పని. కంప్యూటరు దొంగలు కూడా పాత ఫైలునూ, దిద్దిన ఫైలునూ పోల్చి చూసి, కన్నం ఎక్కడున్నదో కనుక్కుంటారు.

విండోస్‌లో, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకునే భాగంలో ఇటువంటి కన్నం ఒకటి ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మాసిక ఇచ్చింది. ఏప్రిల్‌లో, ఆ కన్నంగుండా దూరే ఉపాయాన్ని ఒక ముఠా లోకానికంతా బయటపెట్టింది. మే 12న వాన్నాక్రై వచ్చిపడింది. అది కంప్యూటరులో దూరి, ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేగాని తీయనంటుంది. ఎవరూ ఏమీ నొక్కనక్కరలేకుండా ఒకదానినుంచి మరొకదానికి తనంత తానే పాకింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఇంగ్లండు ఆసుపత్రులలో వేలాది రోగులను మరొక రోజు రమ్మని పంపవలసివచ్చింది. కొన్నిచోట్లనుంచి అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. దెబ్బతిన్నవాటిలో ఎక్కువభాగం విండోస్ 7 నడిపేవి. వాటికి మాసిక ఉచితంగా సిద్ధమై అప్పటికి 59 రోజులు!

"అప్‌డేట్ వేస్తేనే యంత్రం చెడిపోతుంది" అని కొందరు తండ్రులంటారు. ఆ మాటా కొట్టిపారేయడానికి లేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన రక్షణ ప్రోగ్రాముకు తప్పుడు అప్‌డేట్ పంపితే, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. విమానాలు సైతం నిలిచిపోయాయి. కనుక ముఖ్యమైన ఫైళ్లకు నకలు వేరేచోట ఉంచుకోండి. రేపు పరీక్ష అనగా ఈ రాత్రి అప్‌డేట్ మొదలుపెట్టకండి. రెండు మూడు రోజులు ఆగితే ఆగండి గాని, "తరువాత" అన్న బొత్తాం నెలల తరబడి నొక్కుతూ కూర్చోవద్దు.

మాసికలు ఆగిపోయే రోజు కూడా ఒకటి వస్తుంది. విండోస్ 10కు అది 2025 అక్టోబరు 14. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికి మాత్రం మరికొంత గడువిచ్చారు. ఆ తేదీ దాటినా కంప్యూటరు మామూలుగానే పనిచేస్తుంది. అందుకే చాలామంది గమనించరు. మీ ఇంట్లో, మీ బడిలో ఉన్నది ఏ విండోసో చూసి పెద్దలకు చెప్పండి.

చివరికొక చిన్న లెక్క. పైన చెప్పిన రెండో మంగళవారాలు రెండూ 14వ తేదీనే వచ్చాయి. రెండో మంగళవారం అంతకంటే ఆలస్యంగా ఏ నెలలోనూ రాదు. 8కి ముందూ రాదు. ఎందుకో కేలండరు చూడకుండా చెప్పగలరా?