రిపోర్టులో ‘హై రిస్క్’ అని వస్తే... ముందు చూడాల్సింది క్యాలెండర్

పన్నెండో వారం స్కానింగ్. దాంతోపాటు ఒక రక్త పరీక్ష. నాలుగు రోజుల తర్వాత ఫోన్‌కు వచ్చిన రిపోర్టులో ‘డౌన్ సిండ్రోమ్: హై రిస్క్, 1:180’ అని ఉంటుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అత్తగారు తస్బీహ్ పట్టుకుని కూర్చుంటారు. భర్త గూగుల్‌లో వెతుకుతూ ఉంటాడు. పుట్టింటి నుంచి అమ్మీ ఫోన్ చేసి ఏడుస్తుంది. తెల్లారేసరికి ఒకరు ‘తీయించేద్దాం’ అంటారు, ఇంకొకరు ‘అల్లా ఇచ్చిన బిడ్డ, ఇక ఏ పరీక్షా వద్దు’ అంటారు.

ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని ఆ కాగితం చెప్పనేలేదు.

ఒకప్పుడు పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితమైన డబుల్ మార్కర్ పరీక్షకు ఇప్పుడు జిల్లా కేంద్రాల ల్యాబ్‌లూ శాంపిల్ తీసుకుంటున్నాయి. పరీక్ష ఊళ్లకు వచ్చింది కానీ, దాని ఫలితాన్ని కూర్చోబెట్టి వివరించే మనిషి రాలేదు. అసలు సమస్య అక్కడే మొదలవుతోంది.

జల్లెడ వేరు, నిర్ధారణ వేరు

మన కణాల్లో 46 క్రోమోజోములు ఉంటాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటే అది డౌన్ సిండ్రోమ్. 11 నుంచి 14 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్త పరీక్ష, తల్లి వయసు, ఈ మూడూ కలిపి కంప్యూటర్ ఒక అంచనా కడుతుంది. చాలా ల్యాబ్‌లు 1:250 దగ్గర గీత గీస్తాయి. అంతకంటే అవకాశం ఎక్కువగా కనబడితే ‘హై రిస్క్’ అని రాస్తాయి.

1:180 అంటే, అలాంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు సమస్య ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదు. అలాగని ‘లో రిస్క్’ అంటే సున్నా కూడా కాదు. ఈ పరీక్ష సమస్య ఉన్న 100 మంది బిడ్డల్లో సుమారు 85 నుంచి 90 మందిని పట్టుకుంటుంది. సమస్య లేని 100 మందిలో దాదాపు ఐదుగురు తల్లులను ఊరికే భయపెడుతుంది.

ఇంకో చిన్న విషయం ఉంది. వయసు, బరువు, నెలల లెక్క, షుగర్, కవలలు వంటి వివరాల్లో ఏది తప్పు రాసినా అంచనా మారిపోతుంది. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, అసలు తేదీ ఇంకొకటి ఉన్న ఆడవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. ల్యాబ్‌కు ఇవ్వాల్సింది అసలు వయసు. రిపోర్టు రాగానే మొదట సరిచూసుకోవాల్సింది కూడా ఇదే.

తర్వాతి మెట్టు ఎన్‌ఐపీటీ. ఇది తల్లి రక్తంలో కలిసే మావి డీఎన్‌ఏను చూసే పరీక్ష. డౌన్ సిండ్రోమ్ ఉంటే 100కు 99 సార్లు పట్టుకుంటుంది. ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది. అయినా ఇదీ జల్లెడే, తుది మాట కాదు. తుది మాట చెప్పేవి రెండే. 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి ముక్క తీసే సీవీఎస్, 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసే ఆమ్నియోసెంటెసిస్. వీటివల్ల గర్భస్రావం అయ్యే ప్రమాదం అనుభవమున్న చేతుల్లో 200 మందిలో ఒకరి కంటే తక్కువ. తక్కువే కానీ లేకపోలేదు. అందుకే ఇది కూడా ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయమే.

రెండు గడువులు, రెండు లెక్కలు

2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పిండంలో తీవ్ర లోపం ఉన్నప్పుడు, చట్టం చెప్పిన మరికొన్ని సందర్భాల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆపైన తీవ్రమైన లోపం ఉంటే రాష్ట్ర మెడికల్ బోర్డు తేల్చాలి. పిండంలో లోపం లేని 26 వారాల గర్భం విషయంలో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో అనుమతి ఇవ్వలేదు.

ముస్లిం కుటుంబాలకు దీనితోపాటు ఇంకో గడువు ఉంది. హదీసు ఆధారంగా 120 రోజులకు రూహ్ ఊదబడుతుందన్నది విస్తృతంగా అంగీకరించిన మాట. మక్కాలోని రాబితా ఫిఖ్ కౌన్సిల్ 1990లో ఒక తీర్మానం చేసింది. నమ్మకమైన నిపుణ వైద్యుల కమిటీ పరీక్షల ఆధారంగా ‘చికిత్స లేని తీవ్ర వైకల్యం’ అని నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు అనుమతి ఉండొచ్చని చెప్పింది. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప కుదరదని చెప్పింది. డౌన్ సిండ్రోమ్ ఒక్కటే ఉంటే అది ‘తీవ్ర వైకల్యం’ కిందికి వస్తుందా అన్నదానిపై ఉలమాలందరిదీ ఒకే మాట కాదు. మొదటి రోజు నుంచే వద్దనే ఫిఖ్ అభిప్రాయాలూ ఉన్నాయి.

ఇక్కడే చాలామంది పొరబడేది లెక్కలో. డాక్టర్లు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. 120 రోజులు గర్భం నిలిచిన రోజు నుంచి. రెండింటికీ సుమారు రెండు వారాల తేడా. అంటే డాక్టరు లెక్కలో దాదాపు 19 వారాలకు ఆ 120 రోజులు నిండుతాయి.

ఇప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకుందాం. పన్నెండో వారంలో పరీక్ష చేయించుకుంటే సీవీఎస్‌కు గానీ, 16వ వారంలో ఉమ్మనీటి పరీక్షకు గానీ సమయం ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ వరకు త్వరగా చెప్పే ఫలితం కొద్ది రోజుల్లోనే వస్తుంది. ముఫ్తీ సాహెబ్‌ను కలవడానికి, ఇస్తిఖారాకు, ఇంట్లో మష్వరాకు తీరిక దొరుకుతుంది. అదే పద్దెనిమిదో వారంలో క్వాడ్రుపుల్ పరీక్షతో మొదలుపెడితే, పూర్తి క్రోమోజోమ్ రిపోర్టు చేతికి వచ్చేసరికి 22 వారాలు దాటొచ్చు. చట్టం తలుపు తెరిచే ఉంటుంది కానీ, 120 రోజులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఆలస్యంగా చేయించుకున్న పరీక్ష ఆ ఇంటి నిర్ణయాన్ని ఇంటివాళ్ల చేతుల్లోంచి లాగేసుకుంటుంది.

తప్పు ఎవరిదీ కాదు

‘ఖాలా కొడుకుని చేసుకుంది కదా, అందుకే’ అనే మాట ఇలాంటప్పుడు తప్పకుండా వినబడుతుంది. దగ్గరి సంబంధాల వల్ల కొన్ని జన్యు జబ్బులు పెరుగుతాయన్నది నిజమే. డౌన్ సిండ్రోమ్ మాత్రం వాటిలో లేదు. 100లో సుమారు 95 కేసులు అండం లేదా వీర్యకణం తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు వల్ల వస్తాయి. తల్లి వయసుతో అవకాశం పెరుగుతుంది. 35 ఏళ్లకు సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి. కొద్ది కేసుల్లో తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ సంక్రమించే రకం ఉంటుంది. అందుకు ఇద్దరికీ రక్త పరీక్ష చేస్తారు. తిన్న తిండికీ, చూసిన గ్రహణానికీ, కోడలి అదృష్టానికీ దీనితో సంబంధం లేదు.

బిడ్డను కనాలనుకుంటే

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. గర్భంలోనే ఫీటల్ ఎకోతో చూడొచ్చు, చాలావాటికి ఆపరేషన్ ఉంది. థైరాయిడ్, వినికిడి, చూపు గమనించుకుంటూ ఉండాలి. చాలామందిలో బుద్ధి వికాస లోపం స్వల్పం నుంచి మధ్యస్థంగా ఉంటుంది. అభివృద్ధి చెందిన దేశాల్లో 1980లలో 25 ఏళ్లుగా ఉన్న సగటు ఆయుష్షు ఇప్పుడు 60కి చేరింది.

చిన్నప్పటి నుంచే థెరపీ ఇప్పించడానికి ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాలు ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువును హక్కు చేసింది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. పింఛను తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు. థెరపీకి తిరిగే ఇంటికి ఇది చాలదు. బరువంతా తల్లి ఒక్కదాని మీదే పడుతుంది. ‘మా తర్వాత వీడికి ఎవరు?’ అన్న ప్రశ్న పోదు. 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించుకునే వీలు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఇచ్చింది. దాని గురించి తెలిసిన కుటుంబాలు తక్కువ.

ఎవరి నిర్ణయం?

చట్టం దృష్టిలో సమ్మతి గర్భిణిదే. భర్త సంతకం అక్కర్లేదు, అత్తింటి ఒత్తిడికి చోటు లేదు. ఆమె ఇష్టం లేకుండా గర్భం తీయించడం నేరం. ఈ పరీక్షల్లో ఆడో మగో అడగడమూ, చెప్పడమూ 1994 చట్టం ప్రకారం నేరమే.

అందుకే డాక్టరు దగ్గరకు ఆలూమగలిద్దరూ కలిసి వెళ్లాలి. నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకోవాలి. ఇది అంచనానా, నిర్ధారణా? ఈరోజుకు ఎన్ని వారాలు? నిర్ధారణ పరీక్ష ఫలితం ఏ తేదీకి వస్తుంది? గుండెలో, ఇతర అవయవాల్లో లోపం ఉందా? ముఫ్తీ సాహెబ్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ జవాబులే చేతిలో ఉండాలి. ‘బిడ్డకు ఏదో ఉందంట’ అని అడిగితే ఆయన కూడా దేనికని జవాబు చెబుతారు?

పరీక్ష అసలు చేయించుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఫలితం ఏదైనా బిడ్డను కంటామనుకున్న దంపతులు దాన్ని వద్దనుకోవచ్చు, లేదా పుట్టే రోజుకు మంచి ఆసుపత్రిని సిద్ధం చేసుకోవడానికే చేయించుకోవచ్చు. ఈ మాట పదో వారంలో, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి. రిపోర్టు వచ్చిన రాత్రి, ఏడుపుల మధ్య కాదు.