పట్టణము పెరుగవలెను, పైరు తరుగరాదు

పట్టణములు పెరుగుట దేశమునకు మంచిదే. మచిలీపట్నం రేవు పనులకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. బెజవాడ నుండి బందరుకును, బందరు నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగాను జాతీయ రహదారులున్నవి. రోడ్డు వచ్చిన చోటికి ఇండ్ల స్థలములు వచ్చుట సహజము. వానిని వలదనుట నా ఉద్దేశము కాదు. అవి ఏ భూమిలో రావలెనో ముందుగా ఆలోచింపుడని మాత్రమే రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును మనవి చేయుచున్నాను.

కృష్ణానది వేలయేండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టికి 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట వలన కాలువనీరు తోడైనది. సార్వా వరి కోయుటకు ముందే చేలో మినుములు చల్లుదుము. కోత పిమ్మట మిగిలిన పదునుతోను, మంచుతోను ఆ పైరు పెరుగును. ఇట్టి భూమి ఊరికొక చోట దొరకునది కాదు.

పచ్చని ఆకు ఎండను, నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి ఆహారము తయారుచేయును. ఎకరమునకు 28 బస్తాల ధాన్యము, దాదాపు అంతే బరువు గడ్డి పండినచో, ఆ పైరు గాలి నుండి సుమారు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును గ్రహించినట్లే. ధాన్యము తిన్నను, గడ్డి తగులబెట్టినను అందులో హెచ్చుభాగము తిరిగి గాలిలో కలియును. నీరు నిలిచిన మడి నుండి మీథేను వాయువు వెలువడునన్న మాటయు నిజమే. అయినను వేళ్లు, మోళ్లు, పెంట ఎరువు చివికి కొంత బొగ్గుసారము నేలలో నిలుచును. భూమికి సత్తువ అదియే. పైమన్ను గీకి గ్రావెలు పరచిన నాడు ఆ నిల్వ పెరుగుట ఆగిపోవును.

నష్టము ఆ చెక్కతోనే ఆగదు. మెరక చేయుటకై పంటబోదె పూడ్చినచో దిగువ రైతుకు నీరందదు. మురుగుకాలువ పూడ్చినచో ఎగువ చేను మునుగును. రాళ్లు పాతి యేండ్ల తరబడి విడిచిన స్థలములలో ఇల్లు లేదు, పైరును లేదు. ఇంతకంటె వృథా ఏమున్నది?

దివిసీమ తీరమున మడ అడవిని బీడని తలచువారు కలరు. ఉప్పునీటి బురదలో వేళ్లు, ఆకులు త్వరగా కుళ్లవు గనుక అచ్చట బొగ్గుసారము చిరకాలము నిలుచును. అలల తాకిడిని కూడ ఆ చెట్లు తగ్గించును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

అప్పుల పాలై పొలము అమ్ముకొన్న రైతును తప్పుపట్టజాలము. భారమంతయు అతనిపై మోపుట న్యాయము కాదు. గ్రామోద్యోగులు అనుమతి కాగితము పంపుటకు ముందు సర్వే పటము చేతబట్టి బోదెలు, మురుగుకాలువలు స్వయముగా చూడవలెను. మచిలీపట్నం, గుడివాడ పట్టణములలో ఖాళీగా నున్న స్థలములు నిండిన పిమ్మటనే రెండు పంటల భూమి జోలికి పోవుట మేలు. రైతులు చేలోని పైమన్నును అమ్మరాదు. ఖాళీ స్థలముల యజమానులను ఒప్పించి మినుము, పిల్లిపెసర, జనుము వేయించవచ్చును. రోడ్ల వెంట కానుగ, వేప నాటవచ్చును.

ఇల్లు కొంత దూరమున కట్టుకొన్నను నివసింపవచ్చును. పోయిన ఒండ్రుమట్టిని మరల తెచ్చి పోయుట మన తరము కాదు.