చెరసాల గోడకు కన్నము: చలనచిత్రములు చూచువారి సందేహములు

సెలవులు గడచి పాఠశాల తెరచినంతనే మన విద్యార్థుల నోట పాఠములకంటె ముందుగా వినవచ్చునవి చలనచిత్రముల ముచ్చటలు. ఒకప్పుడు టిక్కెట్టు కొని ఒకమారు చూచి వచ్చెడి చిత్రమును నేడు ఇంటనే టెలివిజనులోను సెల్‌ఫోనులోను పదిమార్లు త్రిప్పి చూచుచున్నారు. పదిమార్లు చూచినవానికి సందేహములు పుట్టుట సహజము. చెరసాలనుండి ఖైదీ తప్పించుకొనిపోవు కథలపై పుట్టునన్ని సందేహములు మరి యే కథలపైనను పుట్టవు. "అది యెట్లు సాధ్యమండీ?" అని బాలుడు అడిగినప్పుడు "సినిమాయే గదా, ఊరకుండుము" అని పెద్దలు త్రోసివేయుదురు. ఆ మాట నాకు సమ్మతము కాదు. పాఠమునందు ప్రశ్న వేయుమని బోధించి, వినోదమునందు వేయరాదనుట యెక్కడి న్యాయము?

1994లో అమెరికాలో వెలువడిన షాషాంక్ రిడెంప్షన్ అను చిత్రమునే తీసికొందము. స్టీఫెన్ కింగ్ అను రచయిత 1982లో ప్రకటించిన కథ దానికి మూలము. భార్యను చంపెనను నేరము మోపబడిన ఆండీ అను బ్యాంకు ఉద్యోగి, తాను నిరపరాధియయ్యు చెరసాల పాలగును. అతడు చిన్న రాతిసుత్తితో గదిగోడను తొలిచి, ఆ కన్నముమీద సినీతార పటమును వ్రేలాడదీసి, పందొమ్మిదేండ్లకు బయటపడును. "తొలిచిన మట్టి యంతయు ఏమైనది?" అనునది మన బాలురు వేయు మొదటి ప్రశ్న. మంచి ప్రశ్నయే. కొల్లేటి ప్రాంతమున చేపలచెరువు త్రవ్వించినవారిని అడుగుడు, గోతినుండి తీసిన మట్టి గోతికంటె ఎక్కువగా కనబడునని చెప్పుదురు.

అయితే లెక్కవేసి చూతము. అడ్డము 60 సెంటీమీటర్లు, పొడవు 180 సెంటీమీటర్లు గల గుండ్రని కన్నమనుకొందము. దాని ఘనపరిమాణము సుమారు 509 లీటర్లు. పందొమ్మిదేండ్లకు దినములు 6,935. భాగించి చూడగా దినమునకు వచ్చునది 73 మిల్లీలీటర్లు మాత్రమే! పొడియై ఒకటిన్నర రెట్లు ఉబ్బినను ఒక టీగ్లాసెడు. దానిని లాగు జేబులలో పోసికొనిపోయి ఆవరణములో రాల్చివేయుట అసాధ్యము కాదు. అడిగిన బాలుని చేతనే ఈ లెక్క చేయించవలెను. అసాధ్యమని తోచినది కన్నము కాదు, పందొమ్మిదేండ్ల ఓర్పు అని అతడే కనుగొనును.

రెండవ ప్రశ్న యింకను చమత్కారమైనది. ఖైదీ కన్నములో దూరిపోయిన పిమ్మట పటమును మరల అంటించినవారెవరు? పైయంచు మాత్రము అంటించి క్రిందియంచు వదలినచో తలతో ఎత్తి దూరవచ్చును, కాగితము తనంతట జారి కప్పుకొనును. మూడవదానికి మాత్రము ఇంత సులభమైన సమాధానము లేదు. ఉరుములమోతలో గొట్టమును రాతితో పగులగొట్టగా మురుగునీరు పైకి చిమ్మును. అంత ఒత్తిడితో నిండియున్న గొట్టములో ఐదువందల గజములు మనుష్యుడెట్లు ప్రాకగలడు? మురుగునందలి విషవాయువు సంగతి యేమి? ఇక్కడ కథకుడు మన కన్నుగప్పినాడని ఒప్పుకొనవలసినదే.

మన పూర్వకథలలో నిట్టి చిక్కు లేదు. భాగవతమున వసుదేవుడు శిశువునెత్తికొని బయలుదేరగా కావలివారు నిద్రపోవుదురు, తలుపులు తమంతట తెరచుకొనును. అతడు తిరిగి వచ్చిన పిమ్మట అవి మునుపటివలెనే మూసికొనును. పటమును అంటించినదెవరని అడిగినట్లు అక్కడ ఎవరును అడుగరు, అది దైవకార్యమని కథ ముందే చెప్పినది గనుక. అపొస్తలుల కార్యములు పండ్రెండవ అధ్యాయమున పేతురు సంకెళ్లు ఊడిపడుటయు అట్టిదే. దేవదూత సాయము లేని సినిమా నాయకునికి మాత్రము తలుపెట్లు తెరచుకొనెనో కథకుడు చెప్పి తీరవలెను.

నిజముగా జరిగినది చూడుడు. 1962 జూన్ 11వ తేదీ రాత్రి అమెరికాలోని ఆల్కట్రాజ్ ద్వీప కారాగారమునుండి ఫ్రాంక్ మారిస్, జాన్ ఆంగ్లిన్, క్లారెన్స్ ఆంగ్లిన్ అను మువ్వురు పారిపోయిరి. గోడలోని గాలికన్నము చుట్టు చెంచాలతో నెలలతరబడి తొలిచిరి. సబ్బు, కాగితపుగుజ్జు మున్నగువానితో తలబొమ్మలు చేసి, క్షౌరశాలనుండి తెచ్చిన వెండ్రుకలు అంటించి, పడకలపై నుంచిరి. ఏబదికి పైబడిన వానకోట్లను కూర్చి తెప్ప కట్టిరి. ఇది కల్పనయైనచో మన బాలురు నవ్వి యుందురు! 1979లో వచ్చిన ఎస్కేప్ ఫ్రం ఆల్కట్రాజ్ అను చిత్రము దీనిని చాలవరకు ఉన్నదున్నట్లు చూపినది. పారిపోయినవారు మునిగిరో బ్రతికిరో నేటికిని తేలలేదు. చిత్రమును తేల్చి చెప్పలేదు. ఆ నిగ్రహము నాకు నచ్చినది.

సాధారణముగా సినిమా గోడ దాటగనే ముగియును. చరిత్ర అక్కడ ముగియదు. 1944 మార్చిలో జర్మనులచేత చిక్కిన మిత్రరాజ్యముల వైమానికులు 76 మంది సొరంగము త్రవ్వి శిబిరమునుండి బయటపడిరి. ఇల్లు చేరినవారు మువ్వురు. పట్టుబడినవారిలో 50 మందిని కాల్చి చంపిరి. 1963లో తీసిన ది గ్రేట్ ఎస్కేప్ ఆ మరణములను దాచలేదు గాని, చూచినవారికి గుర్తుండునది నాయకుడు మోటారుసైకిలుపై కంచె దుముకుట. అది కల్పితము.

అంత దూరమేల? మన హైదరాబాదు సంగతియే యున్నది. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి నడపిన తుర్రేబాజ్ ఖానునకు యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించిరి. అతడు 1859 జనవరి 18న చెరనుండి తప్పించుకొనెను. తలకు ఐదువేల రూపాయల వెల కట్టిరి. జనవరి 24న తూప్రాను వద్ద చంపబడెను. గోడ దాటినది ఒక రాత్రి, ఆపైన దక్కిన స్వేచ్ఛ ఆరుదినములు. ఆ ఆరుదినములు ఎక్కడ తలదాచుకొనెను, ఎవరు అన్నము పెట్టిరి, ఎవరు పట్టియిచ్చిరి అనునవే చిత్రము తీయదగిన కథ యని నా యభిప్రాయము.

మన తెలుగు చిత్రముల విషయము. మన జిల్లా మొగల్తూరున పుట్టిన చిరంజీవికి పేరు తెచ్చిన 1983 నాటి ఖైదీలోను, 2017 జనవరిలో వచ్చిన ఖైదీ నంబర్ 150లోను పారిపోవుట యున్నది. రెండవ చిత్రమున, కలకత్తా చెరసాలనుండి పారిపోవు ఖైదీని పట్టుటకు అధికారులు నాయకుని సాయము కోరగా, అతడు భవనపు నక్షా చూచి దారి చెప్పి, పిమ్మట తానును తప్పించుకొనును. అది చెరసాల కథ కాదు, రైతుల కథకు ద్వారము మాత్రమే యని సమాధానము చెప్పవచ్చును. నేనును కొంత ఒప్పుకొందును. అయినను పందొమ్మిదేండ్ల పని నిమిషములలో ముగిసినప్పుడు, నాయకుని తెలివి పెరుగుట కాదు, కావలివాని తెలివి తరుగుట జరుగుచున్నది. తెరమీద జైలు జవాను ఎల్లప్పుడును బుద్ధిహీనుడే. పోలీసువారి బిడ్డలు, జైలు ఉద్యోగుల బిడ్డలు మన తరగతులలో కూర్చుండి ఆ నవ్వులు వినుచున్నారని మరువరాదు.

ఖైదీ పోయిన మరునాడు కావలివానికేమి జరిగినదని ఏ బాలుడును నన్ను అడుగలేదు. పేతురు కథను వ్రాసినవాడు దానిని విడువలేదు: హేరోదు కావలివారిని విమర్శించి చంపించెను. ఫిలిప్పీలో తలుపులు తెరచియుండుట చూచిన చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తానే పొడుచుకొనబోయెను. అచ్చటి ఖైదీలు పారిపోలేదు గనుక బ్రతికెను. నేటి చట్టమును దీనిని ఎరుగును. అజాగ్రత్తచే ఖైదీని పోనిచ్చిన ప్రభుత్వోద్యోగికి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత క్రింద, రెండేండ్లవరకు జైలు పడవచ్చును. తలుపు దగ్గర కునుకుతీసినవాడు లోపలికి పోవును!

వెనుక మిగిలినవారి సంగతియు అట్టిదే. ఆల్కట్రాజులో ఆలెన్ వెస్ట్ అను నాలుగవవాడు తన కన్నము సమయమునకు పెద్దది చేయలేక గదిలోనే చిక్కుకొనెను. మన దేశములో మిగిలినవారి లెక్క యింకను పెద్దది. 2022 సంవత్సరాంతమున భారతదేశపు కారాగారములలో సుమారు 5 లక్షల 73 వేలమంది యుండగా, నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారు. వారికి శిక్షయే పడలేదు. మన తణుకు సబ్‌జైలు గోడ ప్రక్కగా నడచుచు సుత్తిని, సొరంగమును తలచు బాలునికి, లోపలివానికి కావలసినది జామీనని తెలియదు. పెద్దనేరములు గాని, వేరు కేసులు గాని లేనిచో, మొదటిమారు నేరారోపణకు గురియైనవాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపల గడపినంతనే విడుదలకు అర్హుడని క్రొత్త చట్టమున నున్నది. ఆ సంగతి లోపలనున్న కూలివానికి చెప్పువారు కావలెను, దరఖాస్తు వ్రాయువారు కావలెను.

ఆ కథను తెలుగులో ఎవరైన తీసినచో మా బాలురు వేయు ప్రశ్నలను వినగోరుచున్నాను. పూచీ యెవరు పడిరి? ఆ సొమ్ము ఎక్కడ దొరకెను? వాయిదానాడు కోర్టుకు తోడుపోవలసిన పోలీసు దొరకనిచో ఖైదీ మరల ఎన్నినాళ్లు లోపల నుండవలెను?