హ్యూమిక్ పశువుల ఎరువుకు బదులు కాదు



పొలంలో హ్యూమిక్ ఆమ్లం వేస్తే నేలలోని సూక్ష్మజీవులకు తిండి దొరుకుతుందని మీ పత్రిక గత సంచిక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. హ్యూమిక్ పేరుతో దుకాణాల్లో అమ్మే పొటాషియం హ్యూమేట్ చాలావరకు లిగ్నైట్ జాతి బొగ్గు నుంచి క్షారంతో తీసినదే. సూక్ష్మజీవులకు అది అంత సులువుగా అరగదు. వాటికి కావలసింది కలియదున్నిన జీలుగ, జనుము, పేడ, వేర్లు విడిచే చక్కెరలు. లెక్క చూడండి: ఎకరాలో పై 15 సెంటీమీటర్ల మట్టి 8 లక్షల కిలోలకు పైమాటే. అందులో 2 కిలోల హ్యూమిక్‌తో సేంద్రియ కర్బనం పెరుగుతుందా? అసలు ఈ హ్యూమిక్ పదార్థాలు నేలలో ఆ రూపంలో ఉంటాయా, క్షారంతో తీసేటప్పుడు తయారవుతాయా అని 2015లోనే నేల శాస్త్రవేత్తలు లేమన్, క్లెబర్ ‘నేచర్’ పత్రికలో నిలదీశారు. వేరు సాగడానికి, ఇనుము, జింకు అందడానికి కొన్ని నేలల్లో హ్యూమిక్ పనికొస్తుంది, కాదనను. ఏ నేలలో, ఎంత మోతాదుకు, ఎంత దిగుబడి పెరిగిందో వ్యాసకర్త చెప్పి ఉండాల్సింది.

– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా